దగ్గు పాఠం

ఫార్మలిన్ తొట్టి మూత తియ్యగానే
బ్యాచ్ మొత్తం ఏడ్చింది.
పద్దెనిమిదేళ్ళ కళ్ళు
కొత్త ఆప్రాన్ అంచులతో తుడిచినకొద్దీ ఎర్రబడ్డాయి.
నావొక్కటే పొడిగా ఉన్నాయి.

"మీకు మండట్లేదా అక్కా?" అంది హిమజ
ముక్కు చీదుకుంటూ.
ఏడు సీజన్లు మిర్చి యార్డులో కూర్చున్నాను తల్లీ,
మార్చి మధ్యాహ్నం తేజ రకం గోతాలు విప్పినప్పుడు
లేచే గాలి ముందు
ఇదెంత.

చెప్పలేదు. ఊరికే నవ్వాను.

మొదటి రోజు పేర్లు చెప్పుకుంటుంటే
వరస నా దాకా వచ్చి ఆగింది.
పేరు యేసుమణి. వయసు ఇరవై తొమ్మిది.
ఇంతకుముందు చదివింది? బీకాం సార్.
వెనక బెంచీలో ఎవరో కిసుక్కుమన్నారు.
మేలురకం బస్తాలో ఒక్క తాలుకాయ పడితే
కొనేవాడు దాన్నే పైకి తీసి చూస్తాడు.

బైపీసీ అయిన ఏడు నా ర్యాంకు లక్ష దాటింది,
ఇంట్లో పైకం వెయ్యి దాటలేదు.
బీకాం కాలేజీ నడిచిపోయేంత దూరం.
అంతే కారణం, పెద్ద కథేం లేదు.
తర్వాత చుట్టుగుంట దగ్గర
కోటిరత్నం గారి కమీషన్ కొట్లో లెక్కలు.
టిక్కీలు, తూకాలు, తరుగు, హమాలీ కూలి.
రాత్రిళ్ళు చిట్టా కింద జంతుశాస్త్రం.
ఒకసారి నరసరావుపేట రైతు ఖాతా వెనక
కప్ప పేగులు గీశాను.
ఆయన కాగితం తిప్పి చూసి
ఇవి కూడా నా లెక్కలేనా అన్నాడు.

గుండె పాఠం మాత్రం తేలిగ్గా వచ్చింది.
బొమ్మలో మనిషి కుడి మన ఎడమకి ఉంటుందని
పిల్లలు తికమకపడుతుంటే
నేను పేజీ మధ్య నిలువుగీత కొట్టాను.
ఎడమ జమ: ఒళ్ళంతా తిరిగొచ్చిన రక్తం.
కుడి ఖర్చు: ఒళ్ళంతటికీ పంచేది.
ప్రతి దెబ్బకీ రెండువైపులా ఒక్కలా తేలాలి.
తేడా వస్తే కాళ్ళల్లో నీరు.
కొట్లో తేడా వస్తే నా జీతంలో కోత.

ఆరో టేబులు మాది.
బోర్లా పడుకోబెట్టారు ఆయన్ని.
పేరు లేదు, నంబరుంది.
మెడ కింద, రెండు భుజాల నడుమ
చర్మం చెప్పు అట్టలా దళసరిగా ఉంది.
హిమజ కత్తి అక్కడ మొరాయించింది.
"ఇదేంటి సార్, జబ్బా?"
సార్ వంగి చూసి, రాపిడి అన్నారు.
ట్రపీజియస్ ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో
చెప్పుకుంటూ పోయారు.

నలభై ఐదు కిలోల టిక్కీ అంచు
సరిగ్గా అక్కడ ఆనుతుంది.
దావీదుకి ఉంది. సుభానీకి ఉంది.
టిక్కీకి ఇంతని కూలి రాసింది నేనే,
ఏడేళ్ళు, తప్పు లేకుండా, పైసలతో సహా.
ఈ చర్మానికి మాత్రం
ఏ పద్దూ తెరవలేదు.

గ్లవ్స్ తీసి ఒక్కసారి తాకుదామనిపించింది.
తియ్యలేదు.
"నువ్వు కొయ్యి అక్కా" అని కత్తి చేతికిచ్చింది హిమజ.
కోశాను.

రాత్రి హాస్టల్ మెట్ల మీదుంటే
కోటిరత్నం గారు ఫోను.
కొత్త గుమస్తాకి మూడొందల నలభై తేలడం లేదట.
పోయిన శుక్రవారం కాటా కూలి
రెండుసార్లు పడిందేమో చూడమన్నాను.
పడింది.
పెట్టేయబోతూ ఆగారు.
"అవునుగానీ మణీ, మన దావీదుకి దగ్గు తగ్గటం లేదు.
డాక్టరువి గదా, ఏదన్నా చెప్పు."
లారీ లోడవుతున్నట్టుంది.
ఆయన మాటల వెనక వినిపిస్తూనే ఉంది ఆ దగ్గు,
ఖాళీ గోతాం దులిపినట్టు.

ఆ పాఠం ఇంకా రాలేదండీ అన్నాను.
ఈ ఏడంతా
దగ్గనివాళ్ళ దగ్గరే చదువు.

రేపు పొద్దున్నే పెద్దాసుపత్రికి పంపించండి.
ఓపీ చీటీ లైన్లో నేనుంటాను.
ఆటో డబ్బులు
కొట్టు ఖర్చులో రాయించండి.